పుట్టపాకలో బోర్డు లేని ఇల్లు: పట్టు చీర, తేలియా చున్నీ, జాకెట్ ముక్క గొడవ

నల్లగొండలో నాది చిన్న కుట్టు దుకాణం. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్, పికో వేస్తాను. చీరలు అమ్మను. అయినా మా బజార్లో ఏ పెండ్లికి ఎవరు ఏ చీర తీశారో శుభలేఖ అందకముందే నాకు తెలుస్తుంది. కొనేవాళ్ళు చీర ముందువైపు చూసి కొంటారు, నేను వెనకవైపు తిప్పి చూసి సూది పెడతాను. కాబట్టి చీర గురించి రెండు మాటలు రాయడానికి షోరూం అమ్మాయిల కన్నా నాకే ఎక్కువ అర్హత ఉందని నా ధీమా.

ఈ ఎండాకాలం మా చెల్లె బిడ్డ పెండ్లి. పెద్దమ్మగా నేను పెట్టే చీర మంచిగుండాలె. పెద్ద షోరూంకు పోదామని మా ఆయన అన్నాడు. వాళ్ళ ఏసీ కరెంటు బిల్లు కూడా మన చీర ధరలోనే ఉంటదని చెప్పి పుట్టపాక తీసుకపోయాను. పెండ్లికి ముందు ఒక చీర కొన్నాను, ఇంకోటి ఆర్డర్ ఇచ్చాను, నా కోసం ఒక తేలియా చున్నీ, అంటే నూనెలో నానబెట్టిన నూలుతో నేసింది, తీసుకున్నాను. మూడూ వాడాక, ఉతికాక రాస్తున్నాను.

ముందు దారి. నల్లగొండలో హైదరాబాద్ బస్సెక్కి నార్కట్‌పల్లి, చిట్యాల దాటినంక చౌటుప్పల్‌లో దిగాలి. అక్కడినుంచి పుట్టపాక దిక్కు పోయే ఆటో మాట్లాడుకోవాలి. సంస్థాన్ నారాయణపురం మండలం. 2016లో జిల్లాలు విడగొట్టాక ఈ ఊరు యాదాద్రి భువనగిరి కిందికి పోయింది గానీ, మా నోట్లో ఇంకా నల్లగొండే. మన దగ్గర చిటికి చీరలన్నిటినీ, అంటే ముందే పోగుకు రంగు అద్ది నేసే ఇక్కత్ చీరలను, పోచంపల్లి అనే అంటారు. నిజానికి పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్, చండూరు, సిరిపురం, వెల్వర్తి, ఇట్లా చాలా ఊర్లలో నేస్తారు. భూదాన్ పోచంపల్లికి పేరు ముందునుంచే ఉంది. 1951లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు కదా. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామమని కూడా గుర్తించింది. అక్కడికి పోతే వరసగా దుకాణాలుంటాయి, సులువు. పుట్టపాకలో సులువు తక్కువ, పనితనం ఎక్కువ. ఈ ఊరి నేతకు గజం గోవర్ధనతో 2011లో, గజం అంజయ్యతో 2013లో పద్మశ్రీలు వచ్చాయి. ఆ స్థాయి డబుల్ ఇక్కత్, అంటే నిలువు పోగులు (పడుగు), అడ్డం పోగులు (పేక) రెండింటికీ రంగు అద్ది నేసేది, దాని ధర మా కుట్టు మిషన్ ఇంటికి అందేది కాదు. నేను పోయింది మామూలు ఇంటికి.

పేరు రాయను. రాయొద్దని వాళ్ళే అన్నారు. "పేరు రాస్తే ఫోన్ల మీద ఫోన్లు వస్తయి అక్కా, నేసేదెప్పుడు మేము?" అని కోడలు నవ్వింది. బోర్డు లేదు. ఊర్లో ఎవరినైనా "చీరలు చూపించే అత్తాకోడండ్ల ఇల్లు" అని అడగండి, చూపిస్తారు. అమావాస్య నాడు మాత్రం పోకండి, ఆ ఇంట్లో ఆ రోజు మగ్గం ముట్టరు, చీరలు కూడా తీయరు.

లోపలి గదిలో చాప పరిచి చీరలు చూపించేది కోడలు. ధర చెప్పేదీ ఆమెనే. కొడుకు మగ్గం గుంటలోనుంచి తల కూడా ఎత్తడు. మంచి పద్ధతే అనిపించింది నాకు, ఎందుకంటే ఆమెను ఏం అడిగినా జవాబు ఉంది. ఈ రంగు ఎన్నోసారి అద్దకంలో వచ్చింది, ఈ పూవు దగ్గర కట్టు ఎందుకు సడలింది, ఈ చీర ఎందుకు ఐదు వందలు తక్కువ, అన్నీ చెప్తది. షోరూంలో ఇవే ప్రశ్నలు అడిగితే "ప్యూర్ మేడం, ప్యూర్" అంటారు, అంతే.

చిలకపచ్చ మీద ముదురు గులాబీ అంచు ఉన్న పట్టు చీర తీసుకున్నాను. పేకలో మాత్రమే చిటికి. 9,200 చెప్పింది, 8,800కు ఇచ్చింది. అంతకంటే దిగలేదు, నేనూ గట్టిగా అడగలేదు. జాకెట్ కుట్టుడుకు నాతో యాభై రూపాయల కోసం అరగంట కొట్లాడే ఆడవాళ్ళను రోజూ చూసేదాన్ని, ఆ పని ఇంకొకరి గుమ్మంలో నేనెందుకు చెయ్యాలి?

ఇక అసలు సంగతి, వసారా. ఆ ఇంటికి పోయినవాళ్ళు చీరలు చూసే తొందరలో వసారా దాటేస్తారు. అక్కడ అత్త కూర్చుని ఉంటది. ఆమె ముందు ఆసు, అంటే రంగు అద్దకముందు పోగుల్ని లెక్కగా సర్దే చట్రం. ఒక కొసకు ఒక మేకు, ఇంకో కొసకు అర్ధచంద్రాకారంలో వరసగా చిన్న మేకులు. పట్టుపోగు పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్ళీ ఇటు. చూడడానికి పిల్లల ఆట. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆ కొసనుంచి ఈ కొసకు తిరగాలి. నాలుగు నుంచి ఆరు గంటలు. రెండు చీరలకు పోస్తే 18,000. పోగుల లెక్క తప్పితే పూవు వంకర పోతుంది. ఈ పని ఈ ఊర్లలో తరతరాలుగా ఆడవాళ్ళదే. ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో మొదలుపెట్టానంది పెద్దామె. సరిగ్గా ఎప్పుడని అడిగితే, "ఆసు ముందట కూసున్నంక వయసెవడు లెక్కపెట్టిండు బిడ్డా" అంది.

ఆ భుజాల నొప్పి సంగతి మన జిల్లాకు కొత్త కాదు. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపినవాడు. తల్లి లక్ష్మి ఆసు పోసీ పోసీ చేయి లేపలేని స్థితికి వస్తే చూడలేక, ఏండ్లకేండ్లు తిప్పలు పడి 1999లో ఆసు పోసే యంత్రం తయారు చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో పూటంతా పట్టే పని ఆ యంత్రం మీద గంటన్నరలో అయిపోతది.

మరి ఈ ఇంట్లో చేత్తో ఎందుకు? యంత్రం ఉంది. వెనక గదిలో తిరుగుతూనే ఉంది. మామూలు చీరలకు అదే. పెద్దామె చేతి ఆసు పాత నమూనాలకు, కొత్తగా పెట్టి చూసే నమూనాలకు. అవి ముందు తన చేతి మీద ఒకసారి పోతే తప్ప ఆమెకు నమ్మకం కుదరదట. అత్తాకోడండ్లకు ఇక్కడే పేచీ.

"చేత్తో పోసేటప్పుడు పాట పాడుకునేటోళ్ళం. బతుకమ్మ పాటో, నాట్ల పాటో. ఇప్పుడు మిషన్ చప్పుడుకు నా పాట నాకే ఇనపడది" అంది పెద్దామె.

"పాట లేకున్నా భుజం ఉన్నది గద అత్తమ్మా" అంది కోడలు, చీర మడత పెట్టుకుంటూనే.

నాకు కోడలి మాటే నచ్చింది. సంప్రదాయం అంటూ మనం పొగిడేదాంట్లో సగం ఎవరో ఒకరి భుజాలే. అయితే పెద్దామె దగ్గర ఇంకోటుంది, దానికి యంత్రం లేదు. ఆమె సందుగ.

అడిగితే తీసి చూపిస్తది, అందరికీ కాదు. నేను కుట్టుపని మనిషినని తెలిశాక తీసింది. లోపల చేతి రుమాలంత, జానెడంత చీర ముక్కలు. అమ్మగారింటినుంచి తెచ్చినవి కొన్ని, అత్త ఇచ్చినవి కొన్ని, తాను నేసిన మగ్గాల మీద చివర మిగిలినవి కొన్ని. అంచుకు దారంతో ముడులు వేసి ఉన్నాయి. ఆ ముడులు ఆమెకే తెలిసిన లెక్క, ఎన్ని పోగులకు ఒక కట్టు, ఏ రంగు ముందు, ఏది తర్వాత అని. కాగితం మీద గ్రాఫ్ గీసి నమూనా తయారు చేసేవాళ్ళు ఊర్లో ఉన్నారు, కంప్యూటర్ మీద చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ "పాతకాలం ఏనుగు అంచు కావాలె" అని ఎవరైనా అడిగితే ఆ గ్రాఫ్ గీసే మనిషి కూడా ఈ సందుగ దగ్గరికే వస్తాడట. నేను ఒక ముక్క ఫోటో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. సరే అన్నాను. ఫోటో తీస్తే రేపు సూరత్ మిషన్ మీద ప్రింటై అదే నా దుకాణానికి ఫాల్ వేయడానికి వస్తది.

వస్తది అనడమేంటి, వస్తూనే ఉన్నాయి. మొన్న ఒకామె "పోచంపల్లి" అని చెప్పి పన్నెండు వేలు పెట్టి కొన్న చీర ఫాల్‌కు తెచ్చింది. ఏ దుకాణమో రాయను. వెనక్కి తిప్పితే రంగు పాలిపోయి ఉంది. ప్రింటు. చెప్తే ఆమెకు రాత్రి నిద్ర పట్టదు, చెప్పకపోతే నాకు పట్టదు. చెప్పాను.

మీకూ పనికొస్తుంది కాబట్టి చెప్తున్నాను. అసలు చిటికి చీరలో పోగుకే రంగు అద్దుతారు, నేసినాక కాదు. ఆసు మీద సిద్ధమైన పోగుల్ని నమూనా ప్రకారం సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతో బిగించి కడతారు. కట్టిన చోట రంగు పట్టదు. అద్దకం అయ్యాక విప్పి, ఇంకో చోట కట్టి, ఇంకో రంగు. అందుకే రెండు వైపులా ఒకే రంగు, ఒకే మెరుపు ఉంటుంది. పూవు అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, కొంచెం చెదిరినట్టు, పక్కకు జారినట్టు ఉంటాయి. అంచులు మరీ నిఖార్సుగా ఉంటే అనుమానించండి. నా పరీక్ష ఇంకోటుంది. జాకెట్ ముక్క కత్తిరించినచోట చీరవైపు ఒక పేక పోగు లాగి చూస్తాను. ఒకే పోగు మీద పచ్చ, తెలుపు, గులాబీ తునకలు తునకలుగా కనిపిస్తే అది చేతిపని. కొనేటప్పుడు దుకాణంలో ఎవరూ పోగు లాగనివ్వరు. ఈ ఇంట్లో కోడలు తానే లాగి చూపించింది.

మా దగ్గరికి గద్వాల చీరలు, నారాయణపేట చీరలు కూడా చాలా వస్తాయి. గద్వాలది నూలు ఒళ్ళు, పట్టు అంచు, పట్టు కొంగు. అంచునూ ఒంటినీ పేక పోగులు ఒకదాన్నొకటి పట్టుకునేలా కలిపి నేస్తారు, ఆ అతుకు దగ్గర ఫాల్ వేయాలంటే చెయ్యి నెమ్మదిగా పోవాలె. నారాయణపేటది గళ్ళు, వెడల్పు అంచు, ఉతికినా కట్టినా గట్టిది, రోజూ కట్టుకునేవాళ్ళకు దానికి మించింది లేదు. వాటి సంగతి ఇంకోసారి. చిటికి చీరకు వాటికి లేని బాధ ఒకటుంది. మగ్గమెక్కకముందే పని సగం అయిపోతుంది, ఆ సగం ఎవరికీ కనపడదు.

చేనేత అనగానే మన కండ్ల ముందుకొచ్చేది గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మగమనిషి బొమ్మే. క్యాలెండర్ల మీద అదే, సంఘాల గోడల మీద అదే. ఆ ఇంట్లో నేను లెక్కపెట్టుకున్నాను. ఆసు అత్తది. రబ్బరు కట్టడం అత్తాకోడండ్లిద్దరిది. అద్దకం మగవాళ్ళది, ఆ నీళ్ళు మోసుడు ఆడవాళ్ళది. కండెలు చుట్టేది ఇంటర్ చదివే బిడ్డ, అదీ పరీక్షలు లేనప్పుడు. కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పడుగు కొసలకు ఒక్కో పోగు మెలేసి అతికేది కోడలు, వేలకు వేల పోగులు. చివరికి మగ్గం. 2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులున్నారని తేల్చింది, నూటికి డెబ్బైమందికి పైగా ఆడవాళ్ళే. మరి మా చీర డబ్బా మీద అంటించిన కాగితంలో ఎవరి పేరుంది? కొడుకు పేరు. ఫోన్ పే కొట్టినా ఆయన ఖాతాకే పోతుంది.

ఇది అడిగేశాను, నా నోరు ఊరుకోదు. "అమ్మ పేరు కూడా వేయొచ్చు కదా" అన్నాను. కొడుకు మొదటిసారి తలెత్తి, "సొసైటీ కార్డు నా పేరు మీదనే ఉన్నది అక్కా" అన్నాడు. కోడలేమో, "పేరెందుకు, ఆసు కూలి రేటు పెంచితే చాలదా?" అంది. ఊర్లో వేరేవాళ్ళ చీరలకు ఆసు పోసే ఆడవాళ్ళకు వచ్చేది చాలా తక్కువని, అందుకే పిల్లల్ని ఇందులోకి తేవడం లేదని చెప్పింది. తన బిడ్డను నర్సింగ్ చదివిస్తదట. పెద్దామె ఏమీ అనలేదు, కాదని కూడా అనలేదు.

తేలియా చున్నీ గురించి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అసలు ఊరు చీరాల, అక్కడినుంచి ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడల్లో పోయేవి. నూలును ఆముదం కాయల బూడిదతో, నూనెతో నానబెట్టి, పిసికి, ఎండబెట్టి రోజుల తరబడి తయారు చేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. పాత రుమాళ్ళ మీద గడియారాలు, విమానాలు కూడా నేసేవాళ్ళు. నేను తీసుకున్నదాంట్లో విమానం లేదు, అడ్డంగా నిలువుగా గళ్ళు, మధ్యలో చిన్న చుక్కలు. 3,600. మొదటి వారం ఇంట్లో అందరూ "నూనె వాసన" అని ముక్కు మూసుకున్నారు. నిజమే, వస్తుంది. వాసన పడనివాళ్ళు కొనకండి. రెండు మూడు ఉతుకులకు వాసన తగ్గింది, బట్ట మెత్తబడింది. ఎండలో దుకాణానికి నడిచేటప్పుడు తలకు చుట్టుకుంటున్నాను, చల్లగా ఉంటోంది. రంగు చుక్క పోలేదు. మూడింట్లో నా డబ్బుకు ఎక్కువ విలువ వచ్చింది దీంట్లోనే.

ఇక నాకు కోపం తెప్పించినవి.

ఆర్డర్ ఇచ్చిన రెండో చీర, మా ఆడబిడ్డకు, ఇచ్చిన మాట కన్నా బాగా ఆలస్యమైంది. వానలు పడితే అద్దిన పోగు ఎండదు, అది అర్థమవుతుంది. కానీ ఫోన్ చేసి చెప్పాలి కదా. నేను చేసినప్పుడల్లా "అయిపోవచ్చింది అక్కా" అన్నారు. దర్జీల దగ్గర మనం వినే మాట ఇదే, నేనూ చెప్పే మాట ఇదే, అందుకే నాకు ఆ మాట మీద అసలు నమ్మకం లేదు. పండుగకు కావాలంటే రెండు నెలల ముందే చెప్పి, మధ్యలో ఒకసారి మీరే పోయి కూర్చోండి.

ఆ రెండో చీర ఒక అంచు ఇంకో అంచు కన్నా కొంచెం సన్నగా వచ్చింది. కట్టుకుంటే తెలియదు, ఫాల్ వేసే నాకు తెలిసింది. చెప్తే కోడలు వాదించలేదు, మూడు వందలు వెనక్కి పంపింది.

కొంగు కుచ్చులు వేసివ్వరు. అది నేనే వేసుకున్నాను కాబట్టి నాకు ఖర్చు లేదు, మీకు రెండు మూడు వందలు పడుతుంది. ఊర్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కుచ్చులు వేస్తారట, అక్కడే వేయించుకుని రండి.

అన్నిటికన్నా పెద్దది జాకెట్ ముక్క. చీరతో వచ్చిన ముక్క డెబ్బై సెంటీమీటర్లు. ఇప్పటి పెండ్లికూతుర్లు ఎవరు పొట్టి చేతులు కుట్టించుకుంటున్నారు? మోచేతి దాకా చేతులు, వెనక పెద్ద డిజైను, అంచు చేతులకు రావాలె, వీపుకు రావాలె. మీటరు లేకుండా ఎట్లా కుట్టాలి? మా చెల్లె బిడ్డ జాకెట్‌కు చంకల కింద అతుకు వేయాల్సి వచ్చింది, అది నా చెయ్యి కాబట్టి కనపడలేదు. ఈ మాట కోడలికి గట్టిగా చెప్పాను. "మగ్గం మీద పడుగు ఇంతే వస్తది అక్కా" అంది. రాదు, పడుగు మొదలుపెట్టేటప్పుడే కాస్త పొడుగు పెట్టుకోవాలె. ఆ మాట నేను చెప్తుంటే పెద్దామె వసారాలోంచి "బిడ్డ చెప్పేది నిజమే" అని నా పక్షం మాట్లాడింది. కోడలు మొహం చిన్నబుచ్చుకుంది. వచ్చే పడుగుకు ముప్పై సెంటీమీటర్లు కలుపుతామని, చీరకు రెండు వందలు పెరుగుతుందని చెప్పారు. పెరగనీయండి.

ఉతుకుడు సంగతి. పట్టు చీర మొదటిసారి ఇంట్లో ఉతకొద్దు, డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. నేను పెట్టిన చీర గులాబీ అంచు తడి చేత్తో ముట్టుకుంటే కొంచెం రంగు అంటింది, ఒక డ్రైక్లీనింగ్ అయ్యాక అంటలేదు. నాఫ్తలీన్ గోళీలు నేరుగా జరీకి తగలకుండా పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. మడతలు నెలకోసారి మార్చండి, లేకపోతే మడత మీదనే చిరుగుతుంది.

ఎవరు పోవాలి? చీర ఎట్లా పుడుతుందో చూసి కొనాలనుకునేవాళ్ళు, ఒక పూట కేటాయించగలిగినవాళ్ళు. గంటలో యాభై చీరలు చూసి, నచ్చకపోతే ఎక్స్చేంజ్ అడిగేవాళ్ళకు ఇది సరిపడదు. వాళ్ళ దగ్గర ఎప్పుడు పోయినా పది, పన్నెండు చీరలకు మించి ఉండవు. పోతే పిల్లల్ని తీసుకపోండి, కానీ ఆసు మేకుల దగ్గరికి పోనీయకండి, ఒక పోగు జారితే పెద్దామెకు మళ్ళీ మొదటికి వస్తది. టీ ఇస్తారు, తాగండి. చున్నీలు అడగకపోతే చూపించరు, అడగండి.

అయిదు స్టార్లకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి జాకెట్ ముక్క మీటరైన రోజు ఇస్తాను.